నిలబడ్డ చోటే అతివేగం

కొత్తసింగవరంలో సైకిలు తొక్కేవాళ్ళకి క్రమశిక్షణ లేదని మొట్టమొదట కనిపెట్టినవారు ఆ ఊరి రవాణా అధికారి మహంతి విశ్వనాథం గారు. కనిపెట్టింది కారులో కూర్చుని. ముందు వెళుతున్న సైకిలువాడు చెయ్యి చూపించకుండా పక్కకి తిరిగేసరికి, ఆయన చేతిలోని కాఫీ తెల్లచొక్కా మీద ఒలికింది. ఇంకొకరైతే ఆ సైకిలువాణ్ణి నాలుగు తిట్టి, ఇంటికి పోయి చొక్కా మార్చుకునేవారు. మహంతి గారు చొక్కా మార్చుకోకుండానే ఆఫీసుకి వెళ్ళి ఉత్తర్వు రాశారు.

"రెండు చక్రముల మీద చట్టమును ధిక్కరించు వ్యక్తి నాలుగు చక్రముల మీద దానిని గౌరవించునని నమ్ముటకు ఎట్టి ఆధారమూ లేదు. కావున ఇకమీదట సైకిలు నేరములన్నియు సదరు వ్యక్తి డ్రైవింగు రికార్డులో దోషాంకములుగా నమోదు చేయబడును. వానిని బట్టియే అతని కారు బీమా నిర్ణయింపబడును. దోషాంకములు పన్నెండు దాటినచో లైసెన్సు మూడు నెలలు నిలిపివేయబడి, నేరమునకు ఉపయోగించిన సైకిలు స్వాధీనము చేసికొనబడును."

ఊళ్ళో సైకిళ్ళు గంటకి పదిహేను కిలోమీటర్లు దాటకూడదన్నారు. దాటిందో లేదో తెలియాలి గనక ప్రతి సైకిలుకీ వేగం చూపించే మీటరు ఉండాలన్నారు. ఈ పనులన్నీ చూడడానికి సైకిల్ దళం అని ఒకటి పెట్టి, దానికి పట్నాయక్ అనే ఎస్సైని వేశారు. మొదటివారంలోనే ఊరి పెద్ద డాక్టరు గారు తన పడగ్గదిలో వ్యాయామం సైకిలు మీద, లైటు లేకుండా, ఇరవై రెండు కిలోమీటర్ల వేగంతో పోతూ పట్టుబడ్డారు. ఆయన కారు బీమా అమాంతం పెరిగింది. కారు పట్టుకుని ఇరవై ఏళ్ళు ఎవరికీ గీత పడనివ్వని మనిషి, పాపం, ఇంట్లో కదలకుండా కూర్చుని చెడిపోయాడు.

ఈ గొడవలేవీ తనకి సంబంధించినవి కావనుకున్నాడు అసిరయ్య. అతనికి కారు లేదు, లైసెన్సు లేదు. ఉన్నదల్లా ఒక సైకిలు. అదీ ఎక్కడికో పోవడానికి కాదు, ఒకచోట నిలబెట్టడానికి. అసిరయ్య కత్తులకీ కత్తెరలకీ సానపట్టేవాడు. సైకిలుని పెద్ద స్టాండు మీద నిలబెట్టి, సీటు మీద కూర్చుని పెడల్ తొక్కితే, గాలిలో ఉన్న వెనకచక్రం తిరుగుతుంది. దాని మీంచి వేసిన బెల్టు ముందున్న చిన్న పుల్లీని తిప్పుతుంది. పుల్లీ సానరాయిని తిప్పుతుంది. ఆ రాయికి కత్తి ఆనించడమే అతని విద్య. ముప్పై ఏళ్ళుగా ఆ విద్యతోటే బతుకుతున్నాడు.

అందులోనూ అది ఆవకాయ కాలం. ఆవకాయ ముక్కకి టెంక అంటుకుని ఉండాలి. టెంకని కాయతో సహా ఒక్క వేటుకి తెగ్గొట్టాలంటే కత్తిపీట నిప్పులా ఉండాలి. అందుకని వేసవిలో ఆ నెలరోజులూ ఊరి కత్తిపీటలన్నీ అసిరయ్య ముందు వరసకట్టేవి. అతని భార్య సూరమ్మ ఇంటింటికీ వెళ్ళి కాయలు కొట్టిపెట్టేది. ఆ నెల గట్టిగా పనిచేస్తే వానాకాలమంతా ఇద్దరూ నిబ్బరంగా ఉండొచ్చు. తొలకరి పడితే మాత్రం కాయలో పులుపు చస్తుంది, ఆ తరవాత కత్తిపీట మొహం చూసేవాళ్ళుండరు.

ఆ రోజు అసిరయ్య మార్కెట్ జంక్షన్లో కూర్చుని ఒక కత్తిపీట పట్టుకుని తొక్కుతున్నాడు. నిప్పురవ్వలు లేస్తున్నాయి. ఎస్సై పట్నాయక్ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, హ్యాండిలుకి బిగించిన మీటరులోకి వంగి చూశాడు.

"ముప్పై ఎనిమిది!" అన్నాడు.

"దేనికి బావూ?" అన్నాడు అసిరయ్య, తొక్కడం ఆపకుండా.

"నీ వేగం. పదిహేను పోవలసిన చోట ముప్పై ఎనిమిది పోతున్నావు. ఎంత రద్దీగా ఉందో చూశావా ఇక్కడ?"

అసిరయ్య అటూ ఇటూ చూశాడు. "నానెక్కడికి పోతన్నాను బావూ? పొద్దుట్నుంచీ ఈడే ఉన్నాను. కావాలంటే ఆ బెల్లం కొట్టు సావుకారిని అడగండి."

"సాక్షులు అక్కర్లేదు. మీటరు ఉంది. మీటరు అబద్ధమాడుతుందా?"

"అబద్ధవాడదు గానీ, సెక్రం గాల్లో ఉంది కదేటి! సైకిలు కదల్నేదు."

"కదల్లేదంటావ్?"

"కదల్నేదు బావూ, అమ్మతోడు."

"అయితే పొద్దుట్నుంచీ జంక్షన్లో సైకిలు అడ్డంగా ఆపి ట్రాఫిక్కి అంతరాయం కలిగించావన్నమాట. నువ్వే ఒప్పుకున్నావు," అని పట్నాయక్ రెండో నేరం రాసుకున్నాడు. తరవాత అసిరయ్య చేతులకేసి చూశాడు. రెండు చేతులూ కత్తిపీట మీదే ఉన్నాయి. "రెండు చేతులూ హ్యాండిలు వదిలేసి సైకిలు నడపడం," అని మూడోది కూడా రాశాడు. అతివేగానికి ఆరు, ఆగిపోయినందుకు నాలుగు, చేతులు వదిలేసినందుకు నాలుగు, మొత్తం పధ్నాలుగు దోషాంకాలు పడ్డాయి. ఇద్దరు కానిస్టేబుళ్ళు సైకిలుని రాయితో సహా ఎత్తుకుపోయారు. అసిరయ్య చేతిలో ఎవరిదో సగం సానపట్టిన కత్తిపీట మిగిలిపోయింది.

మర్నాడు రవాణా ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ గుమాస్తా లింగరాజు అసిరయ్య డ్రైవింగు రికార్డు కోసం కంప్యూటరంతా గాలించాడు, బీరువాలు తీయించాడు, ఆఖరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నీకు రికార్డే లేదయ్యా!" అన్నాడు, అసిరయ్య దాన్ని ఎక్కడో దాచేసినట్టు.

"నేదు బావూ. నాకు కారు తోల్డం రాదు. మరి రికార్డే నేదు కాబట్టి నా సైకిలు నాకిచ్చీండి, ఎల్లిపోతాను."

"అలా ఎలా వెళ్ళిపోతావు? పధ్నాలుగు అంకాలు పడ్డాయి. అవి ఎక్కడో ఒకచోట రాయాలి గదా. గాల్లో రాస్తానా?" అని లింగరాజు ఫైలు పట్టుకుని లోపలికి పోయాడు. ఆ వెనకే అసిరయ్యని కూడా పిలిచారు.

మహంతి గారు ఫైలు రెండుసార్లు చదివారు. ఆయనలో ఒక గొప్ప గుణం ఉంది. చిక్కు ఎదురైనప్పుడు ఇతరుల్లా వెనక్కి చూడరు, ముందుకే పోతారు.

"పై విషయమై, మచ్చ పెట్టాలంటే ముందు చంద్రుడు ఉండాలి. ఇతనికి కారు లైసెన్సు మంజూరు చెయ్యండి. లైసెన్సుంటే రికార్డు ఉంటుంది. రికార్డులో దోషాంకాలు నమోదు చెయ్యండి. పన్నెండు దాటాయి గనక వెంటనే లైసెన్సు సస్పెండు చెయ్యండి," అన్నారు.

లింగరాజు తల గోక్కున్నాడు. "సార్, డ్రైవింగు పరీక్ష?"

"పరీక్ష కారు నడపబోయేవాడికి. ఇతను నడపబోవడం లేదు. సస్పెండు కాబోతున్నాడు. వ్యత్యాసం గమనించవలెను."

అసిరయ్యకి ఫోటో తీశారు. కాసేపటికి అతని మొహం ఉన్న లైసెన్సు చేతిలో పెట్టారు. జన్మలో అంత మంచి ఫోటో అతనికి ఎవరూ తీయలేదు. సూరమ్మకి చూపించాలని జేబులో పెట్టుకోబోయేసరికి లింగరాజు చటుక్కున లాక్కుని, సస్పెండు ముద్ర వేసి, సొరుగులో పడేశాడు.

"బావూ, మూడు నెల్లంటే ఆవకాయ కాలం ఎల్లిపోద్ది. వానలు కూడా ఎల్లిపోతాయి. అప్పుడు నానేటి తినాలి?" అన్నాడు అసిరయ్య.

మహంతి గారు కఠినులు కారు. "పునఃపరిశీలనకు దరఖాస్తు చేసుకొనవచ్చును. దానికి కారు బీమా పత్రము జతపరచవలెను," అన్నారు.

"నాకు కారు నేదు బావూ!"

"లైసెన్సుదారుడివి. కారు లేకపోవడం నీ వ్యక్తిగత విషయం. అందులో శాఖ జోక్యం చేసుకోదు."

వరండాలో తులసి టీచరు ఇదంతా వింటోంది. ఆవిడ ఎనిమిది ఆకారంలో కారు తిప్పలేక డ్రైవింగు పరీక్ష మూడుసార్లు తప్పింది. నాలుగోసారికి నెల తరవాత రమ్మన్నారు.

"ఒక్క సిగ్నల్ దాటితే ఎన్ని అంకాలు అసిరయ్యా?" అని అడిగింది.

"మూడంట టీచరమ్మా."

"పన్నెండు దాటితేనే గదా సస్పెండు!" అని ఆవిడ వేళ్ళు లెక్కపెట్టుకుని, అప్పటికప్పుడు తమ్ముడి సైకిలు తెప్పించి, ఎర్రలైటు పడేదాకా మార్కెట్ జంక్షన్లో ఓపిగ్గా కాచుకుని, పట్నాయక్ ఎదురుగా బెల్లు కొట్టుకుంటూ సిగ్నల్ దాటేసింది. మర్నాటికి ఆవిడ లైసెన్సు ఆవిడ చేతికొచ్చింది. అంతే, ఊరు ఊరంతా గుప్పుమంది. పరీక్ష పెట్టే మైదానంలో మేకలు మేస్తున్నాయి. జంక్షన్లో మాత్రం ఎర్రలైటు కోసం జనం వరసలో నిలబడుతున్నారు. పచ్చలైటు పడితే విసుక్కుంటున్నారు. నేరాలు ఇంతింత పెరుగుతున్నాయంటే సైకిల్ దళం అవసరం ఎంత ఉందో చూడండని మహంతి గారు పైకి నివేదిక పంపారు. దళానికి ఇంకో జీపు వచ్చింది.

ఈ గోలలో సైకిలు పోయింది ఒక్క అసిరయ్యకే. కారు బీమా కోసం వారం రోజులు కాళ్ళరిగేలా తిరిగాడు. ఆఖరికి నిర్భయ బీమా కంపెనీ మనిషి కామేశం దొరికాడు. కామేశం ఎవరికీ లేదని చెప్పి ఎరగడు. గట్టు మీద కూర్చున్నవాడికి కూడా పడవ బీమా చెయ్యగల సమర్థుడు.

"ముప్పై ఏళ్ళలో నువ్వు ఎన్ని కారు ప్రమాదాలు చేశావు?" అన్నాడు.

"ఒక్కటీ నేదు బావూ. కారే నేదు కదా!"

"అవన్నీ చెప్పకు. అడిగినదానికే చెప్పు. ఒక్కటీ లేదు! మా కంపెనీలో ఇంత శుభ్రమైన డ్రైవరు ఇంకొకడు లేడయ్యా. పద, బండి చూద్దాం."

ఇద్దరూ స్వాధీనం చేసుకున్న బళ్ళుండే దొడ్డికి వెళ్ళారు. ఒక మూల, ఎండలో, అసిరయ్య సైకిలు స్టాండు మీద నిలబడి ఉంది. సానరాయి మీద దుమ్ము పట్టింది. అసిరయ్య పైపంచెతో రాయి తుడుస్తుంటే కళ్ళు చెమర్చాయి. కామేశం మాత్రం ఫారం తీసి సైకిలు చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"వాహనానికి నాలుగు చక్రాలు ఉన్నాయా అని ఫారంలో అడుగుతున్నారు. ముందుది ఒకటి, వెనకది రెండు. ఈ రాయి గుండ్రంగా ఉంది, తిరుగుతుంది. మూడు. మరి ఈ చిన్నదేమిటి?"

"పుల్లీ బావూ."

"తిరుగుతుందా?"

"తిరక్కపోతే రాయెలా తిరుగుద్ది?"

"నాలుగు!" అని కామేశం ఉన్నాయి అన్నచోట టిక్కు పెట్టాడు. "చక్రాలుండాలన్నారు గానీ, అవి నేలకి ఆనాలని ఫారంలో ఎక్కడా లేదు. మనుషులు కూర్చునే సీట్లు ఒకటి. తలుపులు లేవు, ఎప్పుడూ తెరిచే ఉంటాయని రాస్తాను. రంగు నలుపు. ఇది కారు అసిరయ్యా!"

అసిరయ్య నోరు వెళ్ళబెట్టి తన కారుకేసి చూసుకున్నాడు.

ఆ సాయంత్రం సూరమ్మ ఇంటికి వస్తూనే నవ్వు ఆపుకోలేకపోయింది. మహంతి గారింటికి కాయలు కొట్టడానికి వెళ్ళింది ఆవేళ.

"వాళ్ళ కత్తిపీట మొండిదైపోనాది. నాను కొట్టితే కాయ తెగనేదు, నుజ్జయిపోనాది. టెంక ఓపక్క, కండ ఓపక్క. అమ్మగారు సూసి, 'సానపట్టే ఆ అసిరయ్యేడీ?' అన్నాది. నానేటీ అన్నేదు. అయ్యగారికేసి సూసినాను. ఆయన పేపరు అడ్డంపెట్టుకున్నాడు. 'అతని వాహనము చట్టము అధీనములో ఉన్నది' అన్నాడు పేపరు ఎనకాల్నించి. 'అయితే ఏడాదంతా ఆ చట్టవే కలుపుకు తినండి, మీకు నా ఇంట్లో ఆవకాయ నేదు' అన్నాది అమ్మగారు. నలభై కాయలున్నాయి, ఇంక రెండ్రోజులాగితే మెత్తబడిపోతాయి."

"నవ్వకే, మన పరిస్తితి కూడా అదే," అన్నాడు అసిరయ్య. కానీ తనకి కూడా నవ్వొచ్చింది. పది రోజుల తరవాత అదే మొదటి నవ్వు.

మర్నాడు బీమా పత్రం జతచేసిన దరఖాస్తు బల్ల మీద పడేసరికి, మహంతి గారు మొదటిసారి ఒక దరఖాస్తుని ఆత్రంగా చదివారు. రాత్రి భోజనంలోకి ఆయనకి ఉత్త మజ్జిగ అన్నం పెట్టారని ఆఫీసులో ఎవరికీ తెలియదు.

"నాలుగు చక్రాలు. బీమా కంపెనీ ధ్రువీకరించింది. కాబట్టి సదరు వాహనము సైకిలు కాదు, కారు. లింగరాజూ, ఊళ్ళో కార్ల గరిష్ఠవేగం ఎంత?" అన్నారు.

"నలభై సార్."

"ఇతను పోయింది?"

"ముప్పై ఎనిమిది సార్. నిలబడి."

"నిలబడ్డ సంగతి అప్రస్తుతం. అతివేగం లేదు. ఆరు అంకాలు రద్దు. మిగిలింది ఎనిమిది. పన్నెండు లోపు. లైసెన్సు పునరుద్ధరించి, కారు విడుదల చెయ్యండి." కలం మూయబోతూ మళ్ళీ తెరిచారు. ఎంత మజ్జిగ అన్నం తిన్నా అధికారి అధికారే. "అయితే కారునకు వర్తించు నియమములన్నియు దీనికి వర్తించును. ముందూ వెనకా నెంబరు పలక, సీటు బెల్టు తక్షణమే. అద్దం తుడిచే వైపరు వాన కురియులోగా అమర్చవలెను."

"అద్దవే నేదు కదా బావూ?"

"అద్దము గురించి అడగలేదు. వైపరు గురించి చెప్పాను."

అసిరయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. వాదిస్తే సైకిలు లారీ అయిపోతుందేమోనని భయం. సూరమ్మ పాత చీర అంచు చింపి నడుముకీ సీటుకీ కలిపి బెల్టు కట్టింది. రెండు రేకుముక్కల మీద నెంబరు రాయించారు. వైపరు సంగతి వానొచ్చినప్పుడు చూసుకోవచ్చనుకుని, ఆకాశంకేసి ఒకసారి చూసి, అసిరయ్య తన కారు తొక్కుకుంటూ నేరుగా కచేరీ వీధికి వెళ్ళాడు. మహంతి గారి ఇల్లు ఆ వీధిలోనే. ఊళ్ళో ఎక్కువ ఆవకాయ పెట్టే ఇళ్ళు కూడా అక్కడే.

వీధి మొదట్లో బోర్డు ఉంది. "ఈ వీధిలోనికి కార్లకు ప్రవేశము లేదు" అని, కింద మహంతి గారి సంతకం. అది ఇరుకు వీధి. ఆయన కారు కూడా బయటే పెట్టుకుంటారు.

అసిరయ్య బ్రేకు వేశాడు. ముప్పై ఏళ్ళుగా రోజూ వెళ్ళే వీధి. ఇన్నాళ్ళూ సైకిలు మీద వెళ్ళాడు, ఇప్పుడది కారు గనక వెళ్ళకూడదు. బోర్డు పక్కనే కొత్త జీపులో పట్నాయక్ కూర్చుని ఉన్నాడు. అసిరయ్య అతనికి కనబడేలా సీటు బెల్టు సర్దుకుని, బోర్డుకి ఇవతలే స్టాండు వేశాడు.

"ఓ సూరమ్మా! నా కారు లోపలికి రాదంట. కత్తిపీటలే బయటికి రావాలి, సెప్పు!" అని వెనకే నడిచొస్తున్న భార్యకి కేకేశాడు.

సూరమ్మ ఇంటింటికీ చెప్పింది. ఆడవాళ్ళు కత్తిపీటలు ఎత్తుకుని వీధి మొదటికి వచ్చి వరసకట్టారు. అసిరయ్య తొక్కుతున్నాడు. రాయి పాడుతోంది. పదిరోజుల బెంగంతా నిప్పురవ్వల్లో ఎగిరిపోతున్నట్టు ప్రాణం హాయిగా ఉందతనికి. మధ్యాహ్నం మూడింటికి వరస చివర ఒక పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు. లుంగీ, భుజం మీద తువ్వాలు, చంకలో గోనెపట్టా చుట్టిన కత్తిపీట. మహంతి గారు.

ముందున్నవాళ్ళు తప్పుకోబోతే ఆయన వద్దన్నారు. "వరసక్రమము పాటించవలెను," అన్నారు గానీ, మాటిమాటికీ ఆకాశం చూస్తున్నారు. పడమట మబ్బు నల్లగా దిగుతోంది.

ఆయన వంతు వచ్చి, కత్తిపీట రాయికి ఆనిందో లేదో, టపటపమని చినుకులు మొదలయ్యాయి.

"కొంచెం వేగం పెంచవయ్యా," అన్నారు మహంతి గారు మీటరులోకి వంగి. "ముప్పై ఎనిమిదే పోతున్నావు. నలభై దాకా నీకు హక్కుంది!"

పట్నాయక్ జీపు దిగి వచ్చాడు. వంగి, బండిని ముందూ వెనకా పరీక్షించాడు. "సార్, నెంబరు పలకలున్నాయి, బెల్టుంది. వాన పడుతోంది. వైపరు లేదు. బండి ఆపించాలి సార్, మీ ఉత్తర్వే," అని జేబులోంచి పుస్తకం తీశాడు.

అసిరయ్య పాదం పెడల్ మీద ఆగబోయింది. చినుకులు నుదుటి మీంచి కళ్ళలోకి జారుతున్నాయి. ఎదురుగా కత్తిపీట అంచు సగం మెరుస్తోంది, సగం నల్లగా ఉంది. మళ్ళీ దొడ్డీ, మళ్ళీ దరఖాస్తూ, ఈ ఏటికి ఇంక అయిపోయినట్టే అనుకున్నాడు. ప్రాణం ఉసూరుమంది.

మహంతి విశ్వనాథం గారు ఒకసారి ఆకాశం చూశారు. ఒకసారి వీధి లోపల, నడుమ్మీద చెయ్యిపెట్టుకుని గుమ్మంలో నిలబడ్డ భార్యని చూశారు. తరవాత భుజం మీది తువ్వాలు తీసి, రెండు చేతులా బిగించి పట్టుకుని, అసిరయ్య మొహం ముందు ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి తుడవడం మొదలుపెట్టారు.

"తొక్కవయ్యా! ఆపకు!" అన్నారు.

అసిరయ్య తొక్కాడు. పట్నాయక్ ఒక్క క్షణం చూసి, కలం మూత తీసి, పుస్తకం తడవకుండా వంగి రాసుకున్నాడు.

"వైపరు: ఉన్నది. పనిచేయుచున్నది."